పాత నాణేలు మెరవాలని తోముతున్నారా? ఆగండి.. ఆ మెరుపే విలువను మింగేస్తుంది!

బీరువా సర్దుతుంటే తాతల నాటి వెండి రూపాయి దొరికింది. నల్లగా మాసిపోయి ఉంది. వెంటనే ఏం చేస్తాం? కాస్త చింతపండు, లేదంటే టూత్‌పేస్ట్ పెట్టి తళతళలాడేలా తోమేస్తాం. దేవుడి గదిలో వెండి కుందులకు చేసినట్టే విభూతి పెట్టి రుద్దేవాళ్లూ ఉన్నారు. అయితే నాణేలు సేకరించే వాళ్ల దృష్టిలో ఇది పెద్ద తప్పు. కుందిని తోమితే అందం వస్తుంది. నాణేన్ని తోమితే మాత్రం విలువ పోతుంది. ఒకసారి పోయిందంటే మళ్లీ తెచ్చుకునే దారి లేదు.

అసలు ఎందుకిలా? మురికిగా ఉన్న నాణెం కంటే శుభ్రంగా ఉన్నదానికి ధర ఎందుకు తగ్గుతుంది? ఏ నాణేన్ని ముట్టుకోకూడదు? ఏది కడగొచ్చు? ఇప్పటికే తోమేసి ఉంటే ఏం చేయాలి? పూర్తి వివరాలు ఇప్పుడు చూద్దాం.

నాణెం మెరుపు ఎక్కడి నుంచి వస్తుంది?

టంకశాలలో లోహపు బిళ్లను రెండు అచ్చుల మధ్య పెట్టి బలంగా కొడతారు. ఆ ఒత్తిడికి లోహం మధ్య నుంచి అంచుల వైపు పాకుతుంది. అలా పాకినప్పుడు నాణెం ఉపరితలం మీద కంటికి కనిపించనంత సన్నని గీతలు ఏర్పడతాయి. కొత్త నాణేన్ని లైటు కింద అటూ ఇటూ తిప్పితే బండి చక్రం ఆకుల్లా వెలుగు చుట్టూ తిరుగుతుంది కదా.. దానికి కారణం ఈ గీతలే. కలెక్టర్లు దీన్ని 'లస్టర్' అంటారు.

ఈ పొర చాలా పల్చన. పొడి పెట్టి రుద్దితే ముందు పోయేది ఇదే. తోమాక కూడా నాణెం మెరుస్తుంది. కానీ అది టంకశాల ఇచ్చిన మెరుపు కాదు, గరుకు పొడి గీసిన గీతల మీద వెలుగు పడి వచ్చే మెరుపు. మామూలు కంటికి రెండూ ఒకేలా అనిపించొచ్చు. 10 రెట్లు పెద్దగా చూపించే భూతద్దం పెడితే మాత్రం తేడా ఇట్టే తెలిసిపోతుంది.

ఆ నలుపు మురికి కాదు!

చాలామంది పొరబడేది ఇక్కడే. వెండి నాణెం నల్లబడటానికి మట్టి, జిడ్డు కారణం కాదు. గాలిలో ఉండే గంధకం సమ్మేళనాలు వెండితో కలిసి సిల్వర్ సల్ఫైడ్‌గా మారతాయి. అంటే ఆ నల్లని పొరలో ఉన్నది కూడా నాణెం తాలూకు వెండే. దాన్ని గీకేస్తే నాణెం పైపొరను గీకేసినట్టే లెక్క.

ఈ పొర ఒక్కసారిగా నల్లగా మారదు. మొదట లేత పసుపు, తర్వాత ఎరుపు, ఊదా, నీలం.. ఇలా రంగులు మారుతూ వస్తుంది. నీళ్ల మీద నూనె చుక్క పడితే కనిపించే రంగుల్లాంటివే ఇవి. దీన్ని 'టోనింగ్' అంటారు. ఏళ్ల తరబడి సహజంగా వచ్చిన అందమైన టోనింగ్ ఉంటే కొందరు కలెక్టర్లు మామూలు నాణెం కంటే ఎక్కువ ధర పెట్టి మరీ కొంటారు. పైగా ఆ నాణేన్ని ఎవరూ ముట్టుకోలేదని చెప్పే సాక్ష్యం కూడా అదే.

రాగి నాణేలదీ ఇదే కథ. కాణీలు, దమ్మిడీలు కాలం గడిచేకొద్దీ ఎర్రటి రంగు పోయి గోధుమ రంగుకు తిరుగుతాయి. ఆ గోధుమ పొర లోపలి లోహానికి రక్షణ. చింతపండుతో తోమితే రాగి చెంబులా నారింజ రంగులోకి వస్తుంది. ఆ రంగు టంకశాల నుంచి వచ్చిన ఎరుపు కాదని అనుభవం ఉన్నవాళ్లు చూడగానే చెప్పేస్తారు.

వంటింట్లో వాడేవి నాణేన్ని ఏం చేస్తాయి?

* చింతపండు, నిమ్మకాయ, వెనిగర్: మూడింట్లోనూ ఉన్నది ఆమ్లమే. రాగి మీద చిలుముతో పాటు రక్షణ పొరనూ కరిగించేస్తాయి. ఉపరితలం గుంటలు పడి గరుకుగా మారుతుంది.
* టూత్‌పేస్ట్, విభూతి, పాత్రలు తోమే పౌడర్: ఇవన్నీ రాపిడితో పనిచేస్తాయి. వెండి, రాగి మెత్తని లోహాలు కాబట్టి వెంట్రుకల్లాంటి సన్నని గీతలు పడతాయి.
* వంటసోడా, అల్యూమినియం ఫాయిల్, వేడినీళ్లు: సోషల్ మీడియా వీడియోల్లో బాగా కనిపించే చిట్కా ఇది. రుద్దకుండానే నలుపు పోతుంది. కానీ సహజ టోనింగ్ మొత్తం ఒకేసారి పోతుంది. కింద అప్పటికే పాడైన ఉపరితలం బయటపడి నాణెం జీవం లేనట్టు తెల్లగా కనిపిస్తుంది.
* సిల్వర్ డిప్ ద్రావణాలు: ముంచి తీయగానే మెరుస్తుంది. ముంచిన ప్రతిసారీ పల్చని పొర ఒకటి పోతుంది. రెండు మూడుసార్లు చేస్తే లస్టర్ పూర్తిగా చచ్చిపోతుంది.
* వాషింగ్ సోడా, ఘాటైన డిటర్జెంట్లు: పాత ఒక పైసా, రెండు పైసలు, మూడు పైసల అల్యూమినియం నాణేలకు ఇవి శత్రువులు. క్షారం తగలగానే అల్యూమినియం తినేసినట్టు అయిపోయి నల్లబడుతుంది.
* నగల షాపులో మెరుగు పెట్టించడం: బఫింగ్ చక్రం మీద పెడితే అక్షరాల అంచులు గుండ్రంగా అరిగిపోతాయి. లాకెట్ కోసం రింగు అతికించి తర్వాత తీసేసినా ఆ మచ్చ శాశ్వతం.

చార్మినార్ గుమ్మంలో చిన్న అక్షరం.. అదే అసలు విషయం

తోమడం వల్ల పోయేది మెరుపు ఒక్కటే అయితే సరిపెట్టుకోవచ్చు. అసలు నష్టం వేరే ఉంది. ఒక నాణేన్ని మరో నాణెం నుంచి వేరుచేసి చూపే గుర్తులు చాలా చిన్నగా ఉంటాయి. అరిగిపోయేది ముందు అవే.

మన హైదరాబాద్ రూపాయినే తీసుకుందాం. నిజాం పాలనలో 20వ శతాబ్దం తొలి ఏళ్ల నుంచి వచ్చిన మిషన్ ముద్రణ నాణేల మీద మధ్యలో చార్మినార్ బొమ్మ ఉంటుంది. ఆ చార్మినార్ గుమ్మంలో ఒక చిన్న ఉర్దూ అక్షరం కనిపిస్తుంది. ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ నాణెం అయితే 'మీమ్', ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ నాణెం అయితే 'ఐన్'. ఉస్మాన్ అలీఖాన్ నాణేల్లోనూ 'ఐన్' పూర్తి రూపంలో ఉన్నవి, పొట్టి రూపంలో ఉన్నవి వేర్వేరు రకాలుగా క్యాటలాగుల్లోకి ఎక్కాయి. ఆ అక్షరం ఆవగింజంత కూడా ఉండదు. పౌడర్ పెట్టి గట్టిగా రుద్దితే గుమ్మంలో ఏముందో తెలియకుండా పోతుంది. అప్పుడు అది ఏ రకమో చెప్పడమే కష్టమవుతుంది.

విక్టోరియా రాణి బొమ్మ రూపాయిలదీ ఇదే పరిస్థితి. చాలా ఇళ్లలో 1862 అని రాసి ఉన్న రూపాయి కనిపిస్తుంది. ఆ ఏడాది సంఖ్యతోనే ఆ తర్వాత కూడా చాలా ఏళ్లు నాణేలు ముద్రించారు. ఏది ఏ రకమో తేల్చడానికి కలెక్టర్లు చూసేది వెనకవైపు ఉండే చిన్న చిన్న చుక్కలనే. చుక్కల సంఖ్యను బట్టే మామూలు నాణెమా, అరుదైనదా అన్నది తేలుతుంది. ఆ చుక్కలు అరిగిపోతే అరుదైన నాణెం కూడా మామూలు రూపాయి అయిపోతుంది.

టంకశాల గుర్తులు కూడా అంతే. ఏడాది సంఖ్య కింద నక్షత్రం ఉంటే హైదరాబాద్, డైమండ్ ఉంటే ముంబై, చుక్క ఉంటే నోయిడా, ఏ గుర్తూ లేకపోతే కోల్‌కతా. నక్షత్రమో, చుక్కో తెలియనంతగా రుద్దేస్తే నాణెం తన ఊరు పేరు పోగొట్టుకున్నట్టే.

శాతవాహనుల నాణేలైతే మరీ జాగ్రత్త

కోటిలింగాల లాంటి చోట్ల దొరికిన శాతవాహన కాలపు నాణేలు తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ చరిత్రకు పెద్ద ఆధారాలు. శాతవాహనుల నాణేల్లో చాలావరకు సీసంతో చేసినవి. ఇక్కడ రెండు ప్రమాదాలున్నాయి. వెనిగర్ లాంటివి తగిలితే సీసం కరిగి లెడ్ ఎసిటేట్‌గా మారుతుంది. నాణెం పాడవుతుంది, ఆ లవణం మనిషికి కూడా విషం. సీసం నాణేన్ని బ్రష్ పెట్టి గీకితే వచ్చే పొడి ఊపిరితిత్తుల్లోకి వెళ్లడం ఇంకా ప్రమాదం.

చరిత్ర ఎలా పోతుందో చెప్పడానికి మహారాష్ట్రలోని జోగల్తంబి ఉదాహరణ చాలు. నాసిక్ దగ్గర ఉన్న ఈ ఊరిలో 1906లో 13 వేలకు పైగా వెండి నాణేలు దొరికాయి. అవి క్షహరాత రాజు నహపాణుడివి. వాటిలో చాలా నాణేల మీద గౌతమీపుత్ర శాతకర్ణి తన ముద్రలు మళ్లీ కొట్టించాడు. కింద నహపాణుడి బొమ్మ ఛాయలు, పైన శాతకర్ణి ముద్ర.. ఒకే నాణెం మీద ఇద్దరు రాజులు! యుద్ధంలో ఎవరు గెలిచారో చెప్పే గట్టి సాక్ష్యం ఇదే. ఆ నాణేలను ఎవరైనా మెరవాలని తోమి ఉంటే ముందు చెరిగిపోయేవి కింద ఉన్న ఆ మసక ఛాయలే.

భూమిలో దొరికిన నాణేల మీద మట్టి, చిలుము పేరుకుని అక్షరాలు కనిపించనప్పుడు మ్యూజియంలు, పురావస్తు శాఖలు కూడా శుభ్రం చేస్తాయి. కానీ అది శిక్షణ పొందిన కెమిస్టులు లోహాన్ని పరీక్షించి, మైక్రోస్కోప్ కింద పెట్టి చేసే పని. దాన్ని 'కన్జర్వేషన్' అంటారు. నాణేన్ని మెరిపించడం దాని ఉద్దేశం కాదు. హాని చేసే పదార్థాన్ని మాత్రమే తీసి, అసలు ఉపరితలాన్ని కాపాడటమే లక్ష్యం.

గ్రేడింగ్‌లో దొరికిపోతారు

నాణేల నాణ్యతను 1 నుంచి 70 వరకు ఉండే స్కేల్ మీద కొలుస్తారు. అమెరికాకు చెందిన విలియం షెల్డన్ 1949లో పరిచయం చేసిన పద్ధతి ఇది. వాడకంలోకి రాని కొత్త నాణేలకు 60 నుంచి 70 మధ్య అంకె వస్తుంది. అమెరికాలోని పీసీజీఎస్, ఎన్‌జీసీ సంస్థలు ఇలా గ్రేడింగ్ చేసి నాణేన్ని ప్లాస్టిక్ డబ్బీలో సీల్ చేసి ఇస్తాయి. మన దేశపు నాణేలనూ ఇవి గ్రేడ్ చేస్తాయి.

తోమిన నాణెం పంపితే ఏమవుతుంది? దానికి అంకె రాదు. అసలైన నాణెమేనని చెబుతూనే, పక్కన 'డీటెయిల్స్' అని, శుభ్రం చేశారని రాసిస్తారు. ఆ మాట లేబుల్ మీద శాశ్వతంగా ఉండిపోతుంది. వేలంలో అందరూ ముందు చదివేది దాన్నే.

ఇక మామూలు డీలర్ దగ్గరకు వెళ్తే ఆయన లెక్క ఇంకా సూటిగా ఉంటుంది. బ్రిటిష్ ఇండియా వెండి రూపాయి బరువు 11.66 గ్రాములు. 1939 వరకు అందులో వెండి 91.7 శాతం. అంటే అసలు వెండి సుమారు 10.7 గ్రాములు. ఎంత పాడైన నాణేనికైనా ఈ వెండి ధర వస్తుంది. బాగున్న నాణేనికి అంతకు పైన కలెక్టర్లు ఇచ్చే డబ్బే అసలు లాభం. తోమినప్పుడు కరిగిపోయేది ఆ పై డబ్బే. వెండి ఎక్కడికీ పోదు, కానీ నాణెం కాస్తా వెండి ముక్క అయిపోతుంది.

వెండో కాదో చూడటానికి రుద్దక్కర్లేదు

లోపల వెండి ఉందా లేదా అని చూడటానికే కొందరు గీకుతుంటారు. దానికి సులువైన దారి ఉంది. 1940 నుంచి 1945 మధ్య వచ్చిన రూపాయిల్లో వెండి సగమే. పులి బొమ్మ ఉన్న 1947 రూపాయి అసలు వెండే కాదు, నికెల్. ఏడాది సంఖ్య చూస్తేనే సగం సంగతి తెలిసిపోతుంది. అనుమానం ఉంటే అయస్కాంతం దగ్గర పెట్టండి. నికెల్ నాణెం అతుక్కుంటుంది, వెండి అతుక్కోదు. నకిలీలను పట్టుకోవడానికి చిన్న డిజిటల్ కాటాలో బరువు చూడటం ఇంకో దారి.

తోమిన నాణేన్ని ఎలా గుర్తుపట్టాలి?

కొనేవాళ్లు మోసపోకుండా ఉండాలంటే ఇవి చూసుకోవాలి.

* ఒకే లైటు కింద నాణేన్ని మెల్లగా తిప్పండి. ఒకే వైపుకు సాగే సన్నని గీతలు గుంపుగా కనిపిస్తే తోమినట్టే.
* బాగా అరిగిన నాణెం కొత్తదానిలా మెరుస్తుంటే అనుమానించాలి. వందేళ్లు చేతులు మారిన నాణెం అలా ఉండదు.
* మైదానం అంతా మెరుస్తూ అక్షరాల సందుల్లో మాత్రం నల్లగా ఉంటే పైపైన రుద్దారని అర్థం.
* తీగ బ్రష్ వాడితే అక్షరాల పక్కన లోహం కట్టలా పోగుపడుతుంది. భూతద్దంలో తెలుస్తుంది.
* తోమినట్టు తెలియకుండా రసాయనాలతో రంగులు తెప్పించేవాళ్లూ ఉన్నారు. గీతల మీద కూడా రంగు పరుచుకుని ఉంటే అది తర్వాత వేసిందే.

మరి ఏం చేయొచ్చు?

ఏమీ చేయకుండా ఉండటమే చాలాసార్లు మంచిది. తప్పనిసరి అయితే రుద్దకుండా చేసేవి మాత్రమే చేయాలి.

1. దుమ్ము, మట్టి ఉంటే డిస్టిల్డ్ వాటర్‌లో నానబెట్టండి. మట్టి తనంతట తనే వదలాలి. కుళాయి నీళ్లలో క్లోరిన్, లవణాలు ఉంటాయి కాబట్టి వద్దు.
2. జిడ్డు, టేపు గమ్ము, ప్లాస్టిక్ కవర్ నుంచి అంటిన పచ్చటి జిగురు ఉంటే స్వచ్ఛమైన ఎసిటోన్ పనిచేస్తుంది. అది వెండి, రాగి, బంగారం నాణేల లోహాన్ని తినదు. కానీ వెంటనే అంటుకునే ద్రవం. మంటకు దూరంగా, గాలి ఆడేచోట, గాజు గిన్నెలో మాత్రమే వాడాలి. రంగు, సువాసన కలిపిన నెయిల్ పాలిష్ రిమూవర్ వాడొద్దు.
3. ఆరబెట్టేటప్పుడు తుడవకూడదు. మెత్తని నూలు గుడ్డ మీద పెట్టి అద్దితే చాలు.
4. రాగి, కంచు నాణేల మీద పొడిలా రాలే లేత పచ్చ మచ్చలు కనిపిస్తే అది 'బ్రాంజ్ డిసీజ్' కావచ్చు. క్లోరైడ్ల వల్ల లోపలి నుంచి తినేసే జబ్బు ఇది. ఆ నాణేన్ని వేరుగా, పొడిగా ఉంచి నిపుణులకు చూపించాలి.

ఒక్క మాట. ఏం చేసినా ముందు విలువ లేని నాణెం మీద ప్రయత్నించి చూడండి. వేలకొద్దీ దొరికే అరిగిన పావలాను కడిగినా పెద్దగా పోయేదేమీ లేదు. పిల్లలకు చూపించడానికో, సరదాకో ఉంచుకున్నవైతే మీ ఇష్టం. తేడా తెలియనప్పుడు మాత్రం ఆగాలి.

ఇప్పటికే తోమేశారా?

మళ్లీ మెరిపించే ప్రయత్నం చేయొద్దు. రసాయనాలతో నల్లబరచడం అంతకన్నా వద్దు. ఎసిడ్ వాడి ఉంటే మిగిలిన తడి పోయేలా డిస్టిల్డ్ వాటర్‌లో ఉంచి, ఆరబెట్టి, మంచి కవర్‌లో పెట్టేయండి. ఏళ్లు గడిచేకొద్దీ కొంత సహజమైన రంగు తిరిగి వస్తుంది. పడిన గీతలు మాత్రం పోవు. నాణెం నిజంగా అరుదైనదైతే తోమినా కొనేవాళ్లు ఉంటారు, ధరే తగ్గుతుంది. అమ్మేటప్పుడు ఆ సంగతి దాచకుండా చెప్పడం మంచిది.

పూజలో పెట్టే నాణేల సంగతి?

వరలక్ష్మీ వ్రతానికి, దీపావళి లక్ష్మీపూజకు పాత వెండి రూపాయిలు పెట్టడం చాలా ఇళ్లలో అలవాటు. పసుపు, కుంకుమ, పంచామృతం తగిలాక మళ్లీ తోమడం.. ఇలా ఏటా జరిగితే నాణెం బొమ్మ, బొరుసు రెండూ నున్నగా అయిపోతాయి. ఇందుకు సులువైన ఉపాయం ఉంది. పూజకు ఒకటి రెండు మామూలు నాణేలు, లేదా ఇప్పుడు దొరికే లక్ష్మీదేవి వెండి బిళ్లలు కేటాయించండి. తాతల నాటి అరుదైన నాణేలను విడిగా దాచండి.

ఎలా దాచాలి?

* నాణేన్ని ఎప్పుడూ అంచు పట్టుకుని ఎత్తాలి. వేలిముద్ర పడితే అందులోని ఉప్పు, జిడ్డు లోహం మీద శాశ్వతంగా అచ్చుపడతాయి. టంకశాల అమ్మే అద్దంలాంటి ప్రూఫ్ నాణేలకు ఈ జాగ్రత్త మరీ ముఖ్యం.
* మెత్తటి పీవీసీ కవర్లు వద్దు. అవి కాలక్రమంలో ఆమ్లం వదులుతాయి. మైలార్ ఫ్లిప్‌లు, గట్టి క్యాప్సూల్స్ మంచివి.
* డబ్బాలో సిలికా జెల్ పొట్లం పెట్టండి. విశాఖ, కాకినాడ లాంటి సముద్ర తీర ఊళ్లలో ఉప్పు గాలి, తేమ ఎక్కువ కాబట్టి ఇది తప్పనిసరి.
* రబ్బర్ బ్యాండ్లు, ఉన్ని గుడ్డలు, న్యూస్ పేపర్ పక్కన పెట్టొద్దు. వెండిని నల్లబరిచేవి ఇవే.

చట్టం ఏం చెబుతోంది?

పొలం దున్నుతుంటేనో, పునాది తవ్వుతుంటేనో పాత నాణేలు బయటపడితే వాటిని కడగడం, పంచుకోవడం కాదు.. ముందు అధికారులకు చెప్పాలి. 1878 నాటి ట్రెజర్ ట్రోవ్ చట్టం ప్రకారం భూమిలో దొరికిన నిధి విలువ 10 రూపాయలు దాటితే కలెక్టర్‌కు రాతపూర్వకంగా తెలియజేయడం తప్పనిసరి. వందేళ్లు దాటిన నాణేలు 1972 పురావస్తువుల చట్టం పరిధిలోకి వస్తాయి. వాటిని సొంతంగా విదేశాలకు పంపడం నేరం.

ఇంకో హెచ్చరిక. పాత నాణేలు, నోట్లు కొంటామంటూ ఆర్‌బీఐ పేరు చెప్పి కమీషన్, ట్యాక్స్ అడిగే మోసాలపై రిజర్వ్ బ్యాంక్ 2021 ఆగస్టులోనే ప్రజలను అప్రమత్తం చేసింది. అలాంటి లావాదేవీలతో తమకు సంబంధం లేదని, ఎవరికీ అనుమతి ఇవ్వలేదని స్పష్టం చేసింది. ముందే డబ్బు కట్టమన్నారంటే అది మోసమే.

మొత్తం మీద గుర్తుపెట్టుకోవాల్సింది ఒక్కటే. మీ చేతిలోని పాత నాణెం ఏమిటో తెలిసే వరకు దాన్ని ఉన్నది ఉన్నట్టే ఉంచండి. రెండు వైపులా మంచి వెలుతురులో ఫొటో తీయండి, బరువు చూడండి, తెలిసినవాళ్లకు చూపించండి. నల్లగా ఉన్న నాణేన్ని ఎప్పుడు కావాలన్నా తోమొచ్చు. తోమిన నాణేన్ని మాత్రం మళ్లీ పాత నాణెంగా మార్చలేం.

గమనిక: ఈ కథనం అవగాహన కోసం మాత్రమే. విలువైన నాణేలను శుభ్రం చేయించే ముందు, అమ్మే ముందు అనుభవజ్ఞులైన నాణేల నిపుణులను సంప్రదించండి.